బట్ట మీద ఎవరెవరి హక్కులున్నాయి?

వస్త్రం అల్లాహ్ మానవునికి ప్రసాదించిన గొప్ప అనుగ్రహాల్లో ఒకటి. పశుపక్ష్యాదులకు రోమాలు, ఈకలు పుట్టుకతోనే వస్తాయి. తన ఒంటిని తానే కప్పుకోవలసినవాడు మనిషి ఒక్కడే. దివ్య ఖుర్ఆన్ వస్త్రానికి రెండు ప్రయోజనాలు పేర్కొన్నది. ఒకటి మానాన్ని కాపాడటం, రెండు అందాన్ని ఇవ్వడం. ఆ వెంటనే, వీటన్నిటికన్నా మేలైనది దైవభీతి అనే వస్త్రమని గుర్తుచేసింది. ఈ మూడో మాటను మనం సాధారణంగా ఒక ఉపదేశంగా విని ఊరుకుంటాం. అది బట్ట కత్తిరించే బల్ల దగ్గరికి కూడా రావలసిన మాట అని మేము భావిస్తున్నాం.

ఎందుకంటే నేడు మన పిల్లలు కుట్టుపనిని ఒక చదువుగా చదువుతున్నారు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ 1986లో ఢిల్లీలో మొదలైంది. 1995లో దాని శాఖ హైదరాబాద్‌కు వచ్చింది. ఆ తర్వాత ప్రైవేటు కళాశాలలూ, డిప్లొమా కోర్సులూ అనేకం వచ్చాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాల నుంచి కూడా ఆడపిల్లలు ఈ చదువుకు వెళ్తున్నారు. చదువు ముగిసే ఏడాదిలో విద్యార్థి ఒక 'కలెక్షన్' తయారుచేయాలి. అంటే ఒకే ఆలోచనకు కట్టుబడిన కొన్ని దుస్తులను తానే ఊహించి, బట్ట ఎంచి, కత్తిరించి, కుట్టి, నలుగురి ముందు ప్రదర్శించాలి.

ఈ చదువు ధర్మసమ్మతమేనా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. చర్చ సాధారణంగా ఒక్కచోటే ఆగిపోతుంది: ఆ దుస్తులు శరీరాన్ని ఎంతవరకు కప్పుతాయి? ఈ ప్రశ్న ముఖ్యమైనదే, దానిని మేము తక్కువ చేయడం లేదు. కానీ ఒంటిని పూర్తిగా కప్పే దుస్తుల్లో కూడా అన్యాయం దాగి ఉండవచ్చు. చీలమండల దాకా ఉన్న బుర్ఖా కుట్టిన చేతికి కూలి ఎగ్గొట్టినట్లయితే, ఆ బుర్ఖా దేనిని కప్పినట్టు? కాబట్టి కొలతల కన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ బట్ట ఎక్కడిది? దీని మీద ఎవరెవరి హక్కులున్నాయి?

అందం తప్పు కాదు

మొదట ఒక అపోహను తొలగించుకుందాం. తన దుస్తులు బాగుండాలని, తన చెప్పులు బాగుండాలని మనిషి కోరుకుంటాడు కదా, ఇది అహంకారమా అని ఒకరు దైవప్రవక్త (స)ను అడిగారు. కాదని ఆయన చెప్పారు. అల్లాహ్‌కు అందం ఇష్టమని, సత్యాన్ని తిరస్కరించడం, తోటివారిని చిన్నచూపు చూడటమే అహంకారమని వివరించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసు భావాన్ని శ్రద్ధగా గమనించండి. మంచి బట్ట మీద కోరికను ఆయన తప్పు పట్టలేదు. రెండు చోట్ల మాత్రం గీత గీశారు. ఒకటి సత్యం, రెండోది మనుషులు. ఫ్యాషన్ చదివే విద్యార్థికి ఈ రెండు గీతలూ చాలు. బట్ట గురించి నిజం చెప్పానా? ఆ బట్ట వెనుక ఉన్న మనుషులను చిన్నచూపు చూశానా?

హజ్రత్ ఉమర్ (రజి) కాలంనాటి ఒక ఉదంతం చాలామంది వినే ఉంటారు. యమన్ నుంచి వచ్చిన వస్త్రాలను అందరికీ సమానంగా పంచారు. ఒక్కొక్కరి వంతుకు వచ్చిన ముక్క నిండు అంగీకి సరిపోయేది కాదు. ఖలీఫా మాత్రం నిండు అంగీతో ప్రసంగించడానికి నిలబడ్డారు. సభలో ఒకరు లేచి, ముందు ఆ బట్ట లెక్క చెప్పండి, తర్వాతే మీ మాట వింటామన్నారు. ఉమర్ (రజి) కోపగించుకోలేదు. జవాబు చెప్పమని తన కుమారుణ్ణి లేపారు. తన వంతు ముక్కను నాన్నగారికి ఇచ్చానని అబ్దుల్లాహ్ (రజి) చెప్పిన తర్వాతే ప్రసంగం సాగింది. ఆ అంగీ అందంగా ఉందా లేదా అని ఆ సభలో ఎవరూ అడగలేదు. బట్ట ఎక్కడిదనే అడిగారు. అంతటి ఖలీఫానే నిలబెట్టి అడిగిన ప్రశ్న ఒక విద్యార్థి కలెక్షన్‌కు వర్తించదా?

నేసినవాని హక్కు

మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్తే దారి సిరిసిల్లకు చేరుతుంది. అక్కడి వీధుల్లో సాంచాల చప్పుడు వినని పిల్లవాడు ఉండడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. పాలిస్టరు నూలు బయటి రాష్ట్రాల నుంచి వస్తుంది. కండెలు చుట్టేవారు ఒకరు, బీములు నింపేవారు ఒకరు, తెగిన పోగులు అతికేవారు ఒకరు, సాంచాలు నడిపేవారు ఒకరు. నూలు ఇచ్చే యజమానికీ, సాంచా నడిపే కార్మికునికీ మధ్య ఆసామి ఉంటాడు. నాలుగు సాంచాలో ఎనిమిది సాంచాలో పెట్టుకొని, ఇచ్చిన నూలును బట్టగా నేయించి, కూలి తీసుకునేవాడు అతను. ఒక్కో కార్మికుడు ఒకేసారి అనేక సాంచాల మధ్య తిరుగుతూ, రోజుకు పన్నెండు గంటల దాకా నిలబడి పనిచేస్తాడు. నేసిన కొలతను బట్టే కూలి.

ఈ ఊరు చూసిన కష్టాలు చిన్నవి కావు. 1990ల చివర్లోనూ, 2000ల్లోనూ సిరిసిల్ల పేరు పత్రికల్లో కనిపించిందంటే అది చాలాసార్లు నేతకార్మికుల ఆత్మహత్యల వార్తే. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల పథకాన్ని ప్రారంభించింది. మొదటి ఏడాది పంచిన చీరల్లో కొన్ని బయటి నుంచి కొన్నవని, నాసిరకమని మహిళలు నిరసన తెలిపారు. తర్వాతి సంవత్సరాల్లో ఆ ఆర్డరు సిరిసిల్ల సాంచాలకు పని ఇచ్చింది. 2023 తర్వాత అది ఆగిపోవడంతో 2024లో ఎన్నో సాంచాలు మూగబోయాయి. ఒక్క ఆర్డరు వస్తే ఊరు నవ్వుతుంది, ఆగితే పొయ్యి వెలగదు. ఎక్కడో కూర్చొని 'ఏ బట్ట కొందాం' అని మనం తీసుకునే చిన్న నిర్ణయాల మొత్తమే ఇక్కడ ఒక కుటుంబం భోజనమవుతుంది.

ఇక్కడే అసలైన చిక్కు మొదలవుతుంది. ఫ్యాషన్ కళాశాలలో పిల్లలకు సహజమైన నూలు మంచిదని, చేనేత ఉత్తమమని, పాలిస్టరు పర్యావరణానికి హానికరమని బోధిస్తారు. ఇందులో అబద్ధం లేదు. పాలిస్టరు పెట్రోలియం నుంచి తయారవుతుంది. ఉతికినప్పుడల్లా దాని నుంచి కంటికి కనపడని పోగులు నీళ్లలో కలుస్తాయి. పైగా అది చెమటను పీల్చదు. గాలిలోని తేమను పత్తి తన బరువులో దాదాపు 8 శాతం పట్టుకోగలదు, పాలిస్టరు అర శాతం కూడా పట్టుకోదు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే జగిత్యాలలో ఈ తేడా ఒంటికి తెలుస్తుంది. అయితే ఆ పాలిస్టరు మీదే మన పక్క ఊరిలో వేలాది కుటుంబాలు బతుకుతున్నాయి. అక్కడ చేతిమగ్గాలు ఇప్పుడు చాలా కొద్దిగానే మిగిలాయి. మరి విద్యార్థి దేనిని ఎంచుకోవాలి? ఒంటికి మేలు చేసే బట్టనా, పొరుగువాని కడుపు నింపే బట్టనా?

కొందరు సులభమైన జవాబు చెబుతారు. చేనేత కొంటే పుణ్యం, పాలిస్టరు కొంటే పాపం. మేము దీనితో ఏకీభవించం. సాంచా నడిపే కార్మికుని చెమట, చేతిమగ్గం నేసే కళాకారుని చెమటకన్నా తక్కువది కాదు. అతను నేసే బట్టను చులకన చేస్తూ మనం తొడుక్కునే శుద్ధమైన ఖాదీలో కూడా అహంకారం దూరవచ్చు. మరికొందరు ఇంకో సులభమైన జవాబు చెబుతారు. పేదవాడు నేశాడు కాబట్టి ఏదైనా కొనేయాలి, కుట్టేయాలి. ఇది కూడా సరికాదు. నేసినవాని మీద జాలితో తొడిగేవాని ఒంటికి ఇబ్బంది కలిగించే హక్కు మనకు లేదు. ఒకరి హక్కును ఇంకొకరి హక్కుతో చెల్లించలేం.

ఈ చిక్కుముడి విప్పడానికి మన చరిత్రలోనే ఒక చక్కని దారి ఉంది. పురుషులకు పట్టు ధరించడం ఇస్లాంలో నిషిద్ధం. ఒంటి దురద వంటి బాధ ఉన్నప్పుడు మాత్రం దైవప్రవక్త (స) కొందరు సహచరులకు అనుమతినిచ్చారు. ఈ హద్దు ఉన్నచోట నేతగాళ్లు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పట్టు పడుగును పైకి, పత్తి పేకను లోపలికి వచ్చేటట్లు నేసి, చర్మానికి పత్తి మాత్రమే తగిలే కొత్త వస్త్రాన్ని సృష్టించారు. దానికే మష్రూ అని పేరు, అంటే ధర్మం అనుమతించినది అని అర్థం. గుజరాత్‌లోనూ, మన దక్కనులోనూ ఈ నేత వర్ధిల్లింది. హద్దు వారి కళను చంపలేదు, దానికి పదును పెట్టింది.

ఈ పాఠాన్నే నేటి విద్యార్థి అన్వయించుకోవచ్చు. చర్మానికి తగిలే పొర పత్తిది కావాలి. పై పొరకు, మడతలు చెదరకూడని చోటికి, తడి తగిలే చోటికి పాలిస్టరు పనికొస్తుంది. గల్ఫు నుంచి మన కోరుట్ల ఇళ్లకు వచ్చే నల్లని అబాయాల్లో 'నిదా' అనే పేరుతో ఉండే బట్ట కూడా చాలావరకు పాలిస్టరే అన్నది ఇక్కడ గమనార్హం. దూరదేశం నుంచి వస్తే గౌరవం, పక్క ఊరిలో నేస్తే చులకన అన్నది న్యాయం కాదు. పైగా సిరిసిల్ల సాంచాలపై పత్తి బట్ట కూడా నేస్తారు. వెళ్లి అడగాలి, ఆసామితో మాట్లాడాలి, నమూనా చూడాలి. చేతిమగ్గం కోసం వెతికేవారికి అక్కడ ఆ కళ కూడా పూర్తిగా అంతరించలేదు. అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసి నల్ల పరంధాములు ఆ ఊరికి పేరు తెచ్చారు. వెల్ది హరిప్రసాద్ తన మగ్గంపై నేసిన జీ-20 చిహ్నాన్ని 2022 నవంబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ప్రస్తావించారు.

కొనేవాని హక్కు

రెండో హక్కు కొనేవానిది, చూసేవానిది. మదీనా బజారులో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యాన్ని అందరికీ కనబడేటట్లు పైన పెట్టాలని, మోసగించేవాడు తమవాడు కాదని ఆయన హెచ్చరించారు. బట్టల్లో ఈ తడి ఎన్నో రూపాల్లో ఉంటుంది. సాంచాపై నేసినదాన్ని చేనేత అనడం, పాలిస్టరును పట్టు అనడం, అచ్చు వేసిన డిజైన్‌ను నేసిన డిజైన్ అనడం ఇలాంటివే. చేనేతకు ప్రత్యేకించిన రకాలను మరమగ్గాలపై నేయరాదని 1985లోనే చట్టం వచ్చింది. చేతిమగ్గం బట్టను గుర్తుపట్టడానికి 2006లో హ్యాండ్‌లూమ్ మార్కును ప్రవేశపెట్టారు. చట్టమూ, మార్కూ ఉన్నా మోసం ఆగలేదంటే లోపం ఎక్కడుందో ఆలోచించండి.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) కూఫాలో బట్టల వ్యాపారి అన్న సంగతి చాలామందికి తెలియదు. ఆయన భాగస్వామి ఒకసారి లోపమున్న ఒక వస్త్రాన్ని ఆ లోపం చెప్పకుండా అమ్మేశారు. కొన్నదెవరో గుర్తుకు రాలేదు. విషయం తెలిసిన ఇమామ్ ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసేశారని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. ధర్మశాస్త్ర పండితుడైన ఆయన ధర్మం బట్టల దుకాణంలో కూడా ఆయన వెంటే ఉంది.

విద్యార్థికి నిజం తెలుసుకునే దారులు కష్టమైనవి కావు. బట్ట అంచు నుంచి నాలుగు పోగులు తీసి, జాగ్రత్తగా నిప్పు అంటించి చూడండి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలినది వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలిస్టరు అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. ఈ పరీక్ష చేసి, ప్రదర్శనలో పెట్టే చీటీ మీద ఉన్నదున్నట్టు రాయండి. "పాలిస్టరు, సిరిసిల్ల మరమగ్గం" అని రాయడంలో అవమానం ఏమీ లేదు. లేని పట్టును ఉన్నట్టు రాయడమే అవమానం.

కుట్టినవారి హక్కు

మూడో హక్కు గురించి మాట్లాడేవారే తక్కువ. కలెక్షన్ మీద ఒక్క విద్యార్థి పేరే ఉంటుంది. కానీ ప్రదర్శన దగ్గర పడేకొద్దీ గుండీలు, కాజాలు, అంచుకుట్లు, మగ్గం వర్కు చాలాచోట్ల బయటివారి చేతుల్లోకి వెళ్తాయి. వీధి చివర దర్జీ రాత్రంతా మేల్కొని కుడతాడు. ఇంటి పట్టునే కూర్చొని పూసలు కుట్టే సోదరి కళ్లు మండుతున్నా పని ఆపదు. పని అందాక 'మార్కులు వచ్చాక ఇస్తాం' అనే మాట వినబడుతుంది. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న దైవప్రవక్త (స) ఆదేశం పెద్ద యజమానులకే కాదు, మొదటిసారి ఒకరికి పని అప్పగించిన ఇరవై ఏళ్ల విద్యార్థికి కూడా వర్తిస్తుంది. తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని ఖుర్ఆన్ ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మనకు తెలుసు. కూలి కూడా ఒక కొలతే కదా!

కోరుట్ల, జగిత్యాల వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర లేదు. బీడీలు చుట్టే తల్లుల ఇళ్లు ఇక్కడ ప్రతి వాడలో ఉన్నాయి. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. ఆకు బాగాలేకపోయినా, కంపెనీవాళ్లు కొన్నిటిని పక్కన పడేసినా ఆ నష్టం చుట్టిన చేతిదే. ఆ సంపాదనతో కూతురు ఫీజు కట్టిన తల్లులు ఎందరో. అలాంటి తల్లి కూతురు రేపు డిజైనరు అయి, పూసలు కుట్టే ఇంకో తల్లికి అదే లెక్క కట్టినట్లయితే, చదువు ఆమెకు ఏమి నేర్పినట్టు?

లెక్క తప్పితే అది ఎక్కడిదాకా పోతుందో ప్రపంచం ఒకసారి చూసింది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్ రాజధాని ఢాకా సమీపంలోని సావర్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది దుస్తుల కర్మాగారాల్లో పనిచేసే మహిళలు. గోడలు బీటలువారాయని ముందు రోజే తెలిసినా వారిని పనిలోకి పిలిచారు. కారణం, సరుకు పంపవలసిన గడువు. నేడు సిరిసిల్ల పక్కన పెద్దూరులో కూడా అపెరల్ పార్కు వచ్చింది. అక్కడ మన ఆడపిల్లలకు ఉపాధి దొరకడం సంతోషించదగిన విషయమే. గడువు ముఖ్యమా, మనిషి ముఖ్యమా అన్న ప్రశ్నకు జవాబు మాత్రం విద్యార్థి దశలోనే స్థిరపడాలి. మూడు రోజుల పనిని ఒక్క రాత్రిలో చేయమని దర్జీని ఒత్తిడి చేయడం అలవాటైనవారు రేపు మూడు వేలమందిని అలాగే ఒత్తిడి చేస్తారు.

బట్టకున్న హక్కు

చివరిది బట్టకే ఉన్న హక్కు. అల్లాహ్ అనుగ్రహమైన ప్రతి వస్తువుకూ వృధా కాకుండా ఉండే హక్కు ఉంది. దుస్తులు కత్తిరించేటప్పుడు సుమారు 15 శాతం బట్ట ముక్కలుగా పోతుందని ఈ రంగంలోని వారు చెబుతారు. మన పాత కలీదార్ కుర్తాను గమనించండి. దాని భాగాలన్నీ దాదాపు చదరాలు, త్రికోణాలే. ఒకదాని పక్కన ఒకటి అమర్చి కత్తిరిస్తే పారేయడానికి ఏమీ మిగలదు. చంక కింద వేసే చిన్న చదరపు ముక్క కూడా అలా మిగిలినదే. బట్ట విలువ తెలిసినవారి కత్తెర అలా నడిచేది.

ఇక ఒక్క సాయంత్రం వేదిక మీద కనిపించి, మళ్లీ ఎవ్వరూ తొడగని దుస్తుల మాటేమిటి? పేరు కోసం, నలుగురి దృష్టిలో పడటం కోసం ధరించే వస్త్రం గురించి దైవప్రవక్త (స) కఠినంగా హెచ్చరించారు. దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. విద్యార్థి నేర్చుకునే దశలో ఉన్నాడు, ప్రయోగాలు చేయకుండా ఎలా నేర్చుకుంటాడు? ఇది న్యాయమైన అభ్యంతరమే. ప్రయోగం వృధా కాదు. చవకైన కోరా బట్ట మీద పదిసార్లు కత్తిరించి, పదిసార్లు విప్పి నేర్చుకోవడం విద్యార్జనే. పాఠం చేతిలో మిగులుతుంది. అయితే నేర్చుకున్న తర్వాత ఖరీదైన బట్టను కేవలం చప్పట్ల కోసం ఖర్చు చేయడం వేరు. రెండిటి మధ్య తేడా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. ప్రదర్శన ముగిసిన మర్నాడు దీనిని ఎవరు తొడుక్కుంటారు?

ఈ ప్రశ్నకు జవాబుగా కలెక్షన్ ఎందుకు తయారుచేయకూడదు? రోజంతా కూర్చొని బీడీలు చుట్టే తల్లికి నడుం దగ్గర బిగుసుకోని, పొగాకు దుమ్ము అంటితే తేలిగ్గా ఉతుక్కోగల దుస్తులు కావాలి. సాంచాల మధ్య తిరిగే కార్మికునికి, తిరిగే యంత్రానికి చిక్కుకోని చేతులున్న పత్తి చొక్కా కావాలి. ఎండలో కాలేజీకి వెళ్లే పర్దా పాటించే అమ్మాయికి, లోపల పత్తి పొర ఉన్న తేలికైన అబాయా కావాలి. వీరి గురించి ఆలోచించే డిజైనర్లు అరుదు. మన పట్టణాల పిల్లలకు ఈ అవసరాలు పుస్తకంలో చదవకుండానే తెలుసు. ఇది వారికి దొరికిన భాగ్యం.

సోదరీమణులారా, మనిషికి తొడిగే చివరి వస్త్రానికి కొలతలుండవు, గుండీలుండవు, డిజైనరు పేరుండదు. పురుషునికి మూడు, స్త్రీకి ఐదు, కుట్టని తెల్లని ముక్కలు. అది కట్టుకొని వెళ్లినచోట మనం ఎంత అందంగా కుట్టామని కాక, ఎవరి హక్కు ఎంత చెల్లించామని అడుగుతారు. కనుక కత్తెర చేతిలోకి తీసుకునే ముందే నేసినవారిని, కొనేవారిని, కుట్టేవారిని, తొడిగేవారిని ఒక్కసారి తలచుకోండి. వారికి ఇవ్వవలసింది ఒక కాగితం మీద రాసుకోండి, బట్ట ఖర్చు రాసుకున్నట్టే. ఆ లెక్క తేలిన తర్వాత బిస్మిల్లాహ్ అని కత్తిరించండి. ఇన్షా అల్లాహ్, ఆ బట్టలో అందమూ ఉంటుంది, శుభమూ ఉంటుంది.